యూనియన్ సెక్రటరీ అయిన మా మేనకోడలికి

బిడ్డా,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పటిసంది నాకు నిద్ర సరిగ్గ పడతలేదు. మీ అంగన్‌వాడీ యూనియన్ ప్రాజెక్ట్ కమిటీకి నిన్ను సెక్రటరీని చేసిండ్రంటే సంతోషమే, మీ అమ్మ అయితే పక్కింటోళ్లందరిని పిలిచి చాయ్ పోసిందట, గానీ ఆ వెంటనే ఒక మాట అడిగినవు చూడు, "మామా, ఎలక్షన్లల్ల మన యూనియన్ ఎవరికి సపోర్ట్ అని అందరు అడుగుతుండ్రు, ఏం చెప్పాలె" అని, దానికి ఫోన్ల జవాబు చెప్పలేకపోయిన. 1992ల ఆర్టీసీ కండక్టర్‌గ బస్సెక్కిన, 2021ల దిగిన, అండ్ల ఇరవై ఏండ్లు యూనియన్ జెండా మోసిన, అయినా గీ ఒక్క ప్రశ్న కాడ మేం చేసినన్ని తప్పులు ఇంకేడ చెయ్యలే. అందుకే కూసొని రాస్తున్న. పొడుగైతది, పిల్లలు పండుకున్నంక నిమ్మలంగ చదువు.

ముందుగాల మా డిపోల అయిన ముచ్చట చెప్త. ఏ ఎలక్షనో ఏ పార్టీయో చెప్పను, ఇప్పుడు ఆ పేర్లతోని పనిలేదు. నామినేషన్లకు వారం ముందు మా సెక్రటరీ ఒక లీడర్ ఇంటికి పోయి శాలువా కప్పించుకొని "మా డిపోల మూడు వందల మంది, ఇంటికి నాలుగు ఓట్లు, అన్నీ మీకే" అని మాటిచ్చి వచ్చిండు. నేను కూడా పక్కపొంటి నిలబడ్డ, ఫొటోల సగం మొఖం పడ్డది. తెల్లారి డ్యూటీ ఎక్కేటప్పుడు మా డ్రైవరన్న ఆ పేపర్ తెచ్చి నా టికెట్ ట్రే మీద పెట్టి "నా ఇంట్ల నాలుగు ఓట్లని లెక్క చెప్పొచ్చినవట గదనే, నా పెండ్లాం నేను చెప్తెనే ఇనదు, మీ సెక్రటరీ చెప్తె ఇంటదా" అన్నడు. అందరం నవ్వినం. కానీ ఆ నెల చందా రాయిద్దామని రసీదు బుక్కు పట్టుకొని పోతే అరవై మంది దాక మొఖం తిప్పుకున్నరు, అప్పుడు నవ్వు రాలే.

అసలు సంగతి ఆ తర్వాత. ఆ లీడర్ గెలిచిండు. గెలిచినంక మేం డిమాండ్ల కాయితం పట్టుకొని పోతే ఆయన పీఏ మమ్ములను వరండాల కూసోబెట్టి మంచినీళ్లిచ్చి "మీరు మనోళ్లే గదన్నా, మీకు తొందరేముంది, ముందు అవతలోళ్ల పని చూసి పంపుతం" అన్నడు. మనోళ్లు అంటే ఏందో ఆ రోజు సమజైంది బిడ్డా. ఓటు ముందే చేతుల పెట్టినోని పని లైన్ల ఆఖరికి పోతది.

అట్లని రాజకీయాలు మనకొద్దు, మన జీతం మన డ్యూటీ అని కూసోమంటలేను. అట్ల చెప్పేటోళ్లు కూడా మీ మీటింగ్‌ల ఉంటరు, మంచోళ్లే ఉంటరు. వాళ్లను ఒక్కటే అడుగు, మీ సెంటర్‌కొచ్చే గుడ్డు ధర ఎవరు తేల్చిండ్రు, మీ జీతాన్ని జీతం అనకుండ గౌరవ వేతనం అని పేరు పెట్టింది ఎవరు అని. 1975 అక్టోబర్ 2 నాడు ఐసీడీఎస్, అదే మీ అంగన్‌వాడీల స్కీం, మొదలైనప్పటి నుంచి యాభై ఏండ్లుగా మీరు వాలంటీర్ల లెక్కనే ఉన్నరు. 2013ల భారత కార్మిక సదస్సు, సర్కారు, యజమానులు, యూనియన్లు ముగ్గురు కూసునే సదస్సు అది, మీ అసొంటోళ్లను కార్మికులుగ గుర్తించాలె, కనీస వేతనం ఇయ్యాలె అని సిఫారసు చేసింది. 2022 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు అంగన్‌వాడీ టీచర్లకు ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉన్నదని తీర్పిచ్చింది, గుజరాత్ కేసుల. అయినా ఆ కాయితాలు కాయితాల్లెక్కనే ఉన్నయంటే అది రాజకీయం గాక మరేంది. రాజకీయం చెయ్యాల్సిందే. ఎవరి తోకనో పట్టుకొని చెయ్యొద్దు, అంతే నా బాధ.

మీ బాబాయి కథ యాదికున్నదా, శ్రీరాంపూర్‌ల సింగరేణి బొగ్గుబాయి పని చేసేటాయన. 2023 నవంబర్ 30 నాడు అసెంబ్లీకి ఓటేసిండు, ఆ గాలి ఎటు వీచిందో తెలుసు గదా, కాంగ్రెస్ సర్కారు వచ్చింది. నెల తిరగకముందే డిసెంబర్ 27 నాడు సింగరేణిల గుర్తింపు సంఘం ఎలక్షన్, అంటే కార్మికులందరి తరఫున కంపెనీతోని మాట్లాడే యూనియన్ ఏదో తేల్చే ఎలక్షన్. అప్పుడు అందరు ఏమనుకున్నరు, గెలిచిన పార్టీ యూనియన్ ఐఎన్‌టీయూసీ కదా, ఇగ అదే వస్తది అనుకున్నరు. ఏరియాల లెక్క చూస్తే ఐఎన్‌టీయూసీ ఆరు గెలిచింది, ఏఐటీయూసీ అయిదు గెలిచింది, గానీ మొత్తం ఓట్లల్ల ఏఐటీయూసీకే రెండు వేల దగ్గర మెజారిటీ వచ్చి గుర్తింపు సంఘం అదే అయింది. అంతకుముందు 2012ల, 2017ల గెలిచిన బీఆర్ఎస్ దిక్కు యూనియన్ టీబీజీకేఎస్ ఈసారి పోటీల కూడా గట్టిగ లేకుండె. బాబాయిని అడిగిన, ఏందే నెల రోజులల్ల ఇట్ల మారినవు అని. "మారలేదు, అది సర్కార్‌కు ఏసిన ఓటు, ఇది నా బాయి కాడ నా తరఫున కొట్లాడేటోనికి ఏసిన ఓటు, రెండు వేరే వేరే పనులు" అన్నడు. చదువుకోని మనిషి. నీ కమిటీల ఎవరన్నా పార్టీ పేరు మీద లొల్లి పెడితే ఈ ముచ్చట చెప్పు. మీ ప్రాజెక్ట్‌ల సీఐటీయూ ఉన్నది, ఏఐటీయూసీ ఉన్నది, బీఎంఎస్ ఉన్నది, ఏ పెద్ద పార్టీకి దగ్గర ఏ సంఘమో అందరికి తెలిసిందే, దాంట్ల దాసుకునేది ఏం లేదు, సంఘం లీడర్లకు ఒక అభిప్రాయం ఉండొచ్చు, జెండాకు ఒక రంగు ఉండొచ్చు. కానీ నీ మెంబర్ ఓటు నీ జేబుల ఉన్నదని మాత్రం ఎన్నడు ఎవ్వరికి చెప్పకు.

ఇగ చెయ్యాల్సిన పనికాడికి వస్త.

సెక్టార్ మీటింగ్‌లు ఎట్లాగు అయితయి గదా నెల నెల, సూపర్‌వైజర్ మేడం లేనప్పుడు ఒక గంట ఎక్కువ కూసోండ్రి. "ఏ పార్టీకి ఏద్దాం" అని ఎన్నడు అడగకు, ఆ ప్రశ్న అడిగిన్నాడే మీటింగ్ రెండు ముక్కలైతది. "ఈ రెండేండ్లల్ల నీకు ఎక్కువ నొప్పి పెట్టిందేంది" అని అడుగు. ఒక్కొక్కరు చెప్పింది వాళ్ల మాటల్లనే రాసుకో, నువ్వు సాపు చెయ్యకు. ఫోన్‌ల సిగ్నల్ లేక పోషణ్ ట్రాకర్ యాప్‌ల ఎక్కకపోతె తల్లి మొఖం మళ్ల మళ్ల ఫొటో తీసుడు అంటది ఒకామె, కిరాయి ఇంట్ల సెంటర్, ఓనర్ బాత్రూంకు తాళమేస్తడు అంటది ఇంకొకామె, గ్యాస్ పైసలు నా చేతి నుంచి పెట్టుకుంటున్న అంటది మూడో ఆమె. అవన్ని నోట్‌బుక్‌ల రాసినంక ఒకరోజు కూసొని ఏది ఎవరి కాడ అడగాల్నో విడగొట్టు. ఇదే అసలు పని, మా తరం చెయ్యనిది ఇదే. మేం సర్పంచ్ ఎలక్షన్‌ల జీతం గురించి అడిగినం, పార్లమెంట్ ఎలక్షన్‌ల డిపో బాత్రూం గురించి అడిగినం, ఇద్దరు కూడా "తప్పకుండ" అన్నరు, ఎందుకంటే ఇద్దరి చేతుల అది లేకుండె, లేనిదాన్ని ఇస్తననుడు సులువు.

జీతం సంగతే చూడు. ఇప్పుడు నీకు వచ్చే 13,650ల కేంద్రం మెయిన్ టీచర్‌కు లెక్క కట్టింది 4,500 మాత్రమే, అది 2018 అక్టోబర్‌ల పెంచింది, ఆ 4,500ల కూడా రూపాయికి 60 పైసలు కేంద్రానివి 40 పైసలు రాష్ట్రానివి. మిగతాదంత రాష్ట్రం తన ఖజానా నుంచి కలిపి ఇస్తది. ఆయమ్మకైతే కేంద్రం లెక్క 2,250, మనకాడ ఇచ్చేది 7,800. అంటే అసెంబ్లీ ఎలక్షన్ వస్తే రాష్ట్రం కలిపేది పెంచమని అడగాలె, పార్లమెంట్ ఎలక్షన్ వస్తే 2018 నుంచి ఆ 4,500 ఎందుకు కదలలేదు, కార్మికులని ఎప్పుడు రాస్తరు, గ్రాట్యుటీ తీర్పు సంగతేంది అని ఎంపీ కేండిడేట్ మొఖం మీద అడగాలె. చాలామంది మెంబర్లకే ఈ లెక్క తెల్వదు బిడ్డా, అన్నిటికి రాష్ట్రాన్నే తిడతరు, లేకపోతే అన్నిటికి ఢిల్లీనే తిడతరు, వాళ్ల వాళ్ల పార్టీని బట్టి. ఈ లెక్క ఒక చార్ట్ మీద పెద్దగ రాయించి సెక్టార్ మీటింగ్‌ల గోడకు పెట్టు. ఇగ సర్పంచ్, ఎంపీటీసీ అయితే సొంత బిల్డింగ్‌కు జాగ, నల్లా కనెక్షన్, ప్రహరీ గోడ, గంతే. మొన్న 2025 డిసెంబర్‌ల సర్పంచ్ ఎలక్షన్లయినయి గదా, పార్టీ గుర్తుల్లేని ఎలక్షన్ కాబట్టి ఊరోడు ఊరోన్ని అడిగినట్టే అడగొచ్చుండె, ఆ టైం పోయింది, సరే, గెలిచినోళ్లు కొత్తగున్నరు, ఇప్పుడన్నా గ్రామసభల పెట్టించు, తీర్మానం రాయించి నకలు తీసుకో. సర్పంచ్ "అయితది లే అక్కా" అంటే అది తీర్మానం కాదు.

మూడే మూడు డిమాండ్లు తీసి ఒక్క పేజీల రాసి, పోటీ చేసే ప్రతి ఒక్క కేండిడేట్ కాడికి పోండ్రి, పది మంది కలిసి పోండ్రి, ఒక్కదానివి పోకు. ఒకే కాయితం, ఒకే మాటలు, అందరికి. సంతకం పెడతరా, పెట్టరా. పెట్టినోని కాయితం ఫొటో, పెట్టనోడు ఏమన్నడో ఆ మాట, రెండు కలిపి కరపత్రం అచ్చేసి మెంబర్లకు, తల్లులకు పంచండ్రి. కింద "వీళ్లకే ఏయుండ్రి" అని రాయకండ్రి, చదివినోళ్లకు తెలివి ఉన్నది. అట్లని నోరు మూసుకునుడు కాదు ఇది. ఎవడన్నా సెంటర్లు తగ్గిస్తం, కలిపేస్తం అంటే ఆ మాట అన్నోని పేరు పెట్టి చెప్పాల్సిందే, దాంట్ల మొహమాటం లేదు.

ఆంధ్రల మీ అక్కాచెల్లెండ్లు ఏం చేసిండ్రో చూసినవు గదా. 2019 ఎలక్షన్ల ముందు తెలంగాణ కంటె వెయ్యి ఎక్కువ ఇస్తమన్న మాట వాళ్లకు వచ్చింది, తర్వాత 11,500 అయింది, మన దగ్గర 2021ల 13,650 అయ్యేసరికి ఆ మాట ఎనకబడ్డది. వాళ్లు మర్చిపోలే. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సెంటర్లు బంద్ పెట్టిండ్రు, సర్కారోళ్లు తాళాలు పగలగొట్టి సచివాలయం స్టాఫ్‌తోని నడిపిచ్చిండ్రు, జనవరి 6 నాడు సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం పెట్టిండ్రు, చిన్న జీతాల ఆడోళ్ల మీద ఎస్మా అంటే సమ్మెతోని సంబంధం లేనోళ్లు కూడా ముక్కు మీద ఏలేసుకున్నరు. ప్రతి టెంట్ కాడ ఫ్లెక్సీ మీద ఒకే మాట, "మీరన్నదే అడుగుతున్నం" అని. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ మూడు జెండాలు ఒక్క టెంట్ కింద. ఏ పార్టీకి ఓటో చెప్పకుండనే ఎలక్షన్‌ను వాడుకున్నరంటే నా లెక్కల అదే. మన దగ్గర కూడా అదే ఏడు సెప్టెంబర్‌ల చేసినం, నువ్వు కూడా కలెక్టరేట్ ముందు కూసున్నవు, నీకు చెప్పేదేముంది.

ఇప్పుడు నా సొంత పుండు ఒకటి చూపిస్త. 2019 అక్టోబర్ 5 నాడు బస్సులు ఆపినం. 48 వేల మంది, 52 రోజులు. మీ అత్త మెడల పుస్తెలు తప్ప అన్ని కుదువకు పోయినయి, అది వేరే కథ. మా ముఖ్యమైన డిమాండ్ ఆర్టీసీని సర్కార్‌ల కలపాలని. ఆ డిమాండ్ తప్పని నేను అనను, ఆంధ్రల 2020 జనవరి 1 నుంచి కలిపిండ్రు కూడా, మన దగ్గర 2023 ఆగస్టుల 43,373 మందిని కలిపే బిల్లు అసెంబ్లీల పాసయింది, ఎలక్షన్ అయిపోయే నాటికి అమలు కాలే, అది కూడా చూసినం. కానీ నేను చెప్పేది మా కరపత్రం గురించి. పసుపు కాయితం మీద అచ్చేసినం, రెండు దిక్కుల. మొదటి పక్క మొత్తం విలీనం, పీఆర్సీ, బకాయిలు. రెండో పక్క ఖాళీల భర్తీ, హైర్ బస్సులు, పని గంటలు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల "ప్రయాణికులకు మెరుగైన సేవలు" అని ఒక్క లైన్.

బస్టాండ్ కాడ పంచుతున్న. వంకాయల గంప పట్టుకొని ఒక ముసలమ్మ ఆటో కోసం నిలబడ్డది, నేను పదేండ్లు తిరిగిన రూట్లనే ఉంటది, గుర్తుపట్టింది. కాయితం తీసుకొని అటు ఇటు తిప్పి, సదువు రాదు గదా, నన్నే అడిగింది ఏం రాసిండ్రు కొడుకా అని. చెప్పిన. అంత ఇని "మీరు బస్సులు ఆపక ముందే మా ఊరి నైట్ హాల్ట్ బస్సు బంద్ అయింది గదా, మూడేండ్లాయె, అప్పుడెందుకు చెయ్యలే సమ్మె" అన్నది.

నా దగ్గర జవాబు లేదు. ఆ పల్లెవెలుగు బస్సు రాత్రి పోయి ఊర్ల ఆగి తెల్లారి అయిదింటికి కూరగాయలోళ్లను ఎక్కించుకొని వచ్చేది. ఓఆర్, అంటే బస్సు ఎంత నిండుతదనే లెక్క, తక్కువున్నదని రద్దయింది. అప్పుడు యూనియన్ వాళ్లం ఏం చేసినం? నైట్ హాల్ట్ తప్పింది, ఊర్ల దోమలల్ల పడుకునుడు తప్పింది అని లోపల లోపల సంతోషపడ్డం. నేను కూడా. ఆ బస్సు పోయిన్నాడు ఆ ముసలమ్మ పక్కన మేం నిలబడి ఉంటే 2019ల ఆమె మా టెంట్ల ఉండేది అని నాకు ఇప్పటికీ అనిపిస్తది. సమ్మె మొదట్ల జనం మా దిక్కున్నరు, రోజులు గడిచినకొద్ది "మీ గోల మీది" అన్నరు, వాళ్లను తప్పు పట్టలేను.

అందుకే నీ మూడు డిమాండ్లల్ల మొదటిది గుడ్డు కావాలె. జీతం కాదు. నిజంగ చెప్తున్న. గుడ్డు చిన్నగ వస్తే, పసిపిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్లు టైంకు రాకపోతే, ఆరోగ్యలక్ష్మి కింద కడుపుతోటి ఉన్నామెకు రావాల్సిన 200 మిల్లీల పాలు ఆగిపోతే తల్లి నిన్నే తిడతది, నువ్వే తిన్నవు అంటది. ఆ తిట్లు పడుకుంట కూసునే బదులు యూనియనే ముందు పడి వచ్చిన గుడ్లు తూకం ఏసి, తేదీ రాసి, తల్లుల సంతకాలు తీసుకొని మీ ప్రాజెక్ట్ ఆఫీసర్ సీడీపీఓకు ఇయ్యండ్రి, ఎలక్షన్ లేనప్పుడు కూడా, నెల నెల. అప్పుడు ఎలక్షన్ కరపత్రం మీద కింద మీ సంతకాలతో పాటు తల్లుల ఏలిముద్రలు ఉంటయి. రాష్ట్రంల 35,700 సెంటర్లు, ఒక్కొక్క సెంటర్ ఎనక ఎన్ని ఇండ్లున్నయో నువ్వే లెక్కేసుకో.

పక్కదారి పడుతున్న గానీ ఇది కూడా చెప్పాలె. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు ఫ్రీ బస్సు పెట్టినంక మా పాత దోస్తులు కొందరు కండక్టర్లు, బస్సు కిక్కిరిసి టికెట్ మిషన్ కొట్ట చెయ్యి ఆడతలేదని, ఆడోళ్లనే తిడుతుండ్రు, "పనిలేక తిరుగుతుండ్రు" అని. ఎంత తప్పు మాట అది. కూలికి పోయేటామె ఆ పైసలు మిగిలితే పిల్లకు నోట్‌బుక్కు కొంటది. బస్సులు పెంచుండ్రి, డ్రైవర్లను కండక్టర్లను తీసుకోండ్రి అని కొట్లాడాలె గానీ బస్సెక్కినామెతోని కాదు. మీ కాడ కూడా ఇట్లాంటిది వస్తది, పిల్లలు ఎక్కువైండ్రని, తల్లులు గొడవ చేస్తుండ్రని, అప్పుడు నోరు జారకు.

ఇంకో మాట, ఇది రాయాలంటే జర సిగ్గయితాంది. మా డిపోల బస్సులు కడిగేటోళ్లు, గ్యారేజీల ఊడ్చేటోళ్లు కాంట్రాక్ట్ మీద వచ్చేది. రాత్రి పన్నెండు నుంచి తెల్లారేదాక నీళ్లల్ల పని. నేను ఇరవై ఏండ్లల్ల ఒక్క గేట్ మీటింగ్‌ల వాళ్ల పేరెత్తలే. వాళ్లు మా మెంబర్లు కాదు అనుకున్నం. ఎక్కువమంది మాదిగోళ్లు, ఆడోళ్లు. చాయ్ వచ్చినప్పుడు వాళ్లకు వేరే గ్లాసు అని ఎవరు నోటితోని అనలే, గానీ వాళ్లు వచ్చి మా బల్ల మీద కూసున్నది కూడా నేను చూడలే. 2016 అక్టోబర్‌ల సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం టెంపరరీ వాళ్లకు కూడా ఇయ్యాలన్న తీర్పిచ్చినప్పుడు మేం పేపర్ల చదివి "మంచిదే" అనుకొని పేపర్ మడిచినం.

అంబేద్కర్ ఎప్పుడో చెప్పిండు ఇది. బొంబాయి బట్టల మిల్లులల్ల నేత పనికి అంటరానోళ్లను రానిచ్చేటోళ్లు కాదు, దారం నోటితోని పీల్చి తియ్యాల్సి వస్తది, వాళ్ల ఎంగిలి తగులుతదని తోటి కార్మికులే అడ్డం పడ్డరు. యజమాని కాదు, తోటి కార్మికులే. 1928 సమ్మె టైంల ఆయన ఈ సంగతి యూనియన్ల ముందట పెట్టిండు, 1938 ఫిబ్రవరిల మన్మాడ్‌ల రైల్వే కార్మికుల సభల బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ రెండు మనకు శత్రువులే అన్నడు. అదే ఏడు నవంబర్‌ల సమ్మెలను కట్టడి చేసే పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగ కమ్యూనిస్టులతోని కలిసి సమ్మె చేసిండు. కలిసి కొట్లాడిండు, లోపల తప్పును కూడా చెప్పిండు, రెండు చేసిండు.

ఇది మీకెందుకు చెప్తున్ననంటే, పోయినసారి మీ జిల్లా మహాసభకు నేను వచ్చిన గదా, ఎనక కుర్చీల కూసొని చూసిన. స్టేజీ మీద పదకొండు మంది, అందరు టీచర్లే. ఆయమ్మలు షామియానా కాడ నీళ్ల క్యాన్లు మోసుకుంట తిరిగిండ్రు, మీటింగ్ అయినంక జంపకాన మడిచింది కూడా వాళ్లే. చందా సమానంగ తీసుకుంటిరి. సెక్రటరీ అయినవు కాబట్టి మొదటి పని ఇది, కమిటీల సగం మంది ఆయమ్మలు ఉండాలె, పేరుకు ఒకరు కాదు. మాట్లాడ రాదు అంటరు, మొదటిసారి ఎవరికి వచ్చింది, నువ్వు మొదటిసారి మైక్ పట్టుకున్నప్పుడు గొంతు ఎండిపోయి నా దిక్కే చూసినవు, మర్చిపోయినవా. ఏ డిమాండ్ కాయితం రాసినా ముందు ఆయమ్మ జీతం, దాని కింద టీచర్ జీతం రాయి. మూడో నెల వచ్చేసరికి ఎంతమంది మొఖాలు మాడ్తయో నువ్వే చూస్తవు, మాడనియ్యి.

ఇగ కొన్ని జాగ్రత్తలు, ఇవి తొందరగ చెప్తున్న. మీలో చాలామందికి బీఎల్‌ఓ డ్యూటీ, అంటే బూత్ ఓటర్ లిస్టు చూసే డ్యూటీ, ఉన్నది. ఆ పనిల ఉన్నప్పుడు నువ్వు ఎలక్షన్ కమిషన్ మనిషివి, ఓటర్ లిస్టు పట్టుకొని ఇంటికి పోయినప్పుడు యూనియన్ కరపత్రం సంచిల కూడా ఉండొద్దు, చేతుల సంగతి ఎందుకు. ఒక్క ఫొటో చాలు, నిన్ను తీసేస్తరు, యూనియన్ పేరు పోతది. 2025 ఆగస్టుల బీఎల్‌ఓలకు ఏడాదికి ఇచ్చేది 6,000 నుంచి 12,000 చేసిండ్రు, అది వచ్చిందా లేదా మెంబర్లను అడిగి రాసుకో. గరీబోళ్ల ఓటు, వలస పోయినోళ్ల ఓటు, వాడల ఓటు గల్లంతు కాకుండ లిస్టు సక్కగ చేసుడే బీఎల్‌ఓగ నువ్వు చేసే పెద్ద సామాజిక న్యాయం, వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

పైసలు. చందా పైసల నుంచి ఒక్క రూపాయి ఏ పార్టీ మీటింగ్‌కు పోవద్దు. 1926 ట్రేడ్ యూనియన్ చట్టంలనే రాసి ఉండె, రాజకీయ పనులకు ఫండ్ వేరే పెట్టాలె, దానికి ఇయ్యాలని మెంబర్‌ను బలవంతం చెయ్యొద్దు, ఇయ్యలేదని తక్కువ చూడొద్దు అని. ఇప్పుడు ఆ చట్టం పోయి 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చినయి, వాటి మీద మనకు లక్ష కోపాలున్నా ఫండ్ వేరుగ ఉండాలన్న మాట మంచి మాట, పాటించు. ఖర్చు నోట్‌బుక్కు ప్రతి సెక్టార్ మీటింగ్‌ల అందరి ముందట చదివి ఇనిపించు, చాయ్ బిస్కట్ల ఖర్చుతో సహా.

పోలింగ్ రోజు సెలవు, ఇది మీకు గాకపోయినా మీ ఇండ్లల్ల మొగోళ్లకు, రైస్ మిల్లు హమాలీలకు పనికొస్తది. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి ప్రకారం ఆ రోజు సెలవియ్యాలె, కూలి కట్ చెయ్యొద్దు. మిల్లు ఓనర్లకు ముందే ఒక లెటర్ ఇయ్యండ్రి, మీ యూనియన్ లెటర్‌హెడ్ మీద. మందివి కూడా పట్టించుకుంటరని పేరు వస్తది, రేపు మీ టెంట్ కాడికి హమాలీలు వస్తరు.

శాలువాలు కప్పించుకోకు. కప్పినా అక్కడనే ఆయమ్మకు కప్పు.

వచ్చే ఆదివారం నేను వస్తున్న, ఎనిమిదింటి పల్లెవెలుగుకు, మీ ఊరి స్టేజీ కాడ దిగుత. అప్పటిదాక సెక్టార్ మీటింగ్‌లల్ల రాసిన నోట్‌బుక్కు రెడీగ పెట్టు, అందులోంచి మూడు డిమాండ్లు తీద్దాం, కానీ నేను తియ్యను, నలుగురు ఆయమ్మలను పిలువు, వాళ్లే తీస్తరు, నేను చాయ్ పెడత. మీ అమ్మకు చెప్పు, పచ్చి చింతకాయ తొక్కు ఉంటే ఒక డబ్బాల పెట్టమని, మీ అత్త అడుగుతాంది.

మీ మామ
హన్మకొండ